కొత్త పనిముట్ల బండికి సొట్ట పడితే

కొత్త వస్తువు ఇంటికి వచ్చిన రోజునే దానికి దెబ్బ తగిలిందనుకోండి, ఇక ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. పాత బీరువాకి పది సొట్టలున్నా మనం పట్టించుకోం. కొత్తదానికి ఒక్కటి పడితే మాత్రం గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళ చూపూ అక్కడికే పోతున్నట్టుంటుంది. "ఎవరు పడేశారు?" అన్న ప్రశ్న ముందు పుడుతుంది. "ఏం పాడయింది?" అన్నది తరవాత ఎప్పటికో గాని రాదు. ఈవేళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించి.

వస్తువు ఏమిటంటారా? పనిముట్ల బండి. మెకానిక్కులు టూల్ ట్రాలీ అంటారు. కింద నాలుగు చక్రాలు, మధ్యన ఆరో ఏడో సొరుగులు, పైన రబ్బరు పరిచిన బల్ల, పక్కన తోసుకోవడానికి ఒక పిడి. పానాలు, పట్టకార్లు, ఆకురాళ్ళు, నట్లు, బోల్టులు అన్నీ అందులో సర్దుకుని పని ఉన్న చోటికి తోసుకుపోతారు. ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ ఇనుప బండి గోలేమిటని విసుక్కోకండి. ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో కింద వాటాలోనో, వీధి వరండాలోనో చిన్న వర్క్‌షాపు నడవడం లేదూ? ఒకరింట్లో మోటార్ల వైండింగు, ఇంకొకరింట్లో ఫ్రిజ్జుల మరమ్మతు, మరొకరింట్లో స్కూటర్ల షెడ్డు. పని మగవాళ్ళు చేసినా లెక్క రాసేది, బ్యాంకు వాయిదా తేదీ గుర్తుపెట్టుకునేది చాలాచోట్ల ఇల్లాలే. ఆ మాటకొస్తే మన బట్టల బీరువా, ఫైళ్ళ అలమర, వంటింటి ఇనుప అరలు కూడా ఇంచుమించు అలాంటి రేకుతో, అలాంటి రంగుతో తయారైనవే. దీని వైద్యం తెలిస్తే వాటికీ పనికొస్తుంది.

ముందు ఆ బండి ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుసుకుందాం. లోపల చట్రం ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలావాటికి వేరే చట్రమంటూ ఉండదు. రేకునే మడతలు పెట్టి, మూలల్లో అతికి, పెట్టెలా నిలబెడతారు. ఆ మడతలే దానికి ఎముకలు. రేకు మందం చూస్తే ఆశ్చర్యపోతారు. గేజి అనే లెక్క ఉంది, అంకె పెరిగినకొద్దీ రేకు పలచబడుతుంది. 18 గేజి రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి సుమారు 0.9, 22 గేజి సుమారు 0.7. అంటే మీ ట్రాలీ పక్క రేకు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ, అంతే. అట్టపెట్టె బలమంతా మడతల్లో ఉన్నట్టే దీని బలమూ మూలల్లో, అంచుల్లో ఉంటుంది. మధ్య భాగం ఒట్టి తెర. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత దీంతో పని పడుతుంది.

రంగు సంగతి కూడా చెప్పాలి. అది కుంచెతో వేసింది కాదు. పిండిలాంటి పొడి రంగుని కరెంటు సాయంతో రేకుకి అంటుకునేట్టు చిమ్మి, తరవాత పెద్ద కొలిమిలాంటి గదిలో 180, 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పొడి కరిగి ఒకటే పొరగా పరుచుకుని గట్టిపడుతుంది. పౌడర్ కోటింగ్ అంటారు. చాలా మన్నిక గలది. అయితే ఒక్కసారి ఊడిన చోట అదే పొరని ఇంట్లో మళ్ళీ వెయ్యలేం. మామూలు రంగుతో మాటు వేసుకోవలసిందే. ఆ మాటు కనపడకుండా ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. తుప్పు రాకుండా ఉంటే చాలు.

ఇక బండి పడింది. మొట్టమొదట చెయ్యవలసింది ఏమిటి? ఒక్కరే వెళ్ళి లేవనెత్తకపోవడం. ఏడు సొరుగుల బండి ఖాళీగానే నలభై యాభై కిలోలు తూగుతుంది. సామాను కూడా ఉంటే చెప్పనే అక్కర్లేదు. పడుకున్న బండిని ఎత్తుతుంటే సొరుగులు ఒక్కసారిగా జారి కాళ్ళ మీదకి వస్తాయి. పడ్డప్పుడు తగలని దెబ్బ లేపేటప్పుడు తగులుతుంది. సొరుగుల ముఖం పైకి ఉండేట్టు దొర్లించి, సామాను తీసేసి, సొరుగులకి తాళం వేసి లేదా చీర చుట్టినట్టు తాడు చుట్టి, అప్పుడు ఇద్దరు పట్టి నిలబెట్టాలి.

నిలబెట్టాక తుడవకండి. నాలుగు వైపులా ఫోనుతో ఫొటోలు తీయండి. కొట్టువాళ్ళ మనుషులు దింపుతుండగా దెబ్బ తగిలిందా, పెట్టె విప్పేసరికే సొట్ట ఉందా? అయితే సరుకు అందినట్టు సంతకం పెట్టే కాగితం మీద ఆ దెబ్బ వివరం రాసి, అప్పుడు సంతకం పెట్టాలి. "మంచి స్థితిలో అందినది" అని అచ్చు వేసిన దాని కింద చూడకుండా సంతకం పెడితే తరవాత మన మాట నిలబడటం కష్టం. ఆ పరిస్థితిలో మరమ్మతు మీరు మొదలుపెట్టనే వద్దు. సుత్తి తగిలిందంటే, రంగు పూశారంటే, అది మీ పనేనని వాళ్ళు అనడానికి సందు దొరుకుతుంది. కొట్టువాళ్ళు వినిపించుకోకపోతే వినియోగదారుల సహాయానికి 1915 అనే ఫోను నంబరు ఉంది, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమూ ఉంది. అదే మన చేతిలో పడిందనుకోండి, గ్యారంటీ కాగితం పట్టుకుని కొట్టుకి పరుగెత్తి లాభం లేదు. గ్యారంటీ సాధారణంగా తయారీలో లోపాలకేగాని చెయ్యిజారి పడినదానికి వర్తించదు. విడి భాగాలు దొరుకుతాయా, రంగు నంబరు ఎంత అని మాత్రం అడిగి రాసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఎటువంటి దెబ్బ ఎంత ప్రమాదమన్నది కంటికి తెలియదు. కన్ను ఎప్పుడూ పెద్ద సొట్ట మీదికే పోతుంది. సొట్ట సాధారణంగా తెరలాంటి మధ్యభాగంలో పడుతుంది. అది చూడ్డానికి అసహ్యం, అంతే. బండి నడకని పాడుచేసేది మూల వంకరపోవడం. బండి ఆయుష్షుని తినేది రంగు లేచిన గీత. ఈ రెండూ మొదట కనిపించవు.

మా చిన్న మరిది పటమటలో స్కూటర్ల మరమ్మతు షెడ్డు పెట్టుకున్నాడు. కొంత బ్యాంకు అప్పు, కొంత మా తోడికోడలు గొలుసు. ఎర్రరంగు బండి, ఏడు సొరుగులది, కొనుక్కుని ఆటోట్రాలీలో తెచ్చుకున్నాడు. వానకి తడిసిన చెక్కపలక మీదుగా దింపుతుంటే పలక జారింది. సొరుగులకి తాళం వెయ్యలేదు. అవన్నీ ఒకేసారి ముందుకి వచ్చేసరికి బరువంతా ఒకవైపు మొగ్గి, బండి ముందుమూల మీద పడింది. కింద పట్టుకున్నది షెడ్డులో పనిచేసే ఇరవయ్యేళ్ళ కుర్రాడు. చెయ్యి తీసెయ్యబట్టి వేళ్ళు దక్కాయి గాని, "నువ్వు వదిలెయ్యబట్టే పడింది" అన్నమాట మాత్రం దక్కింది. నేను వెళ్ళేసరికి అందరూ బండి పక్క రేకు చుట్టూ మూగి ఉన్నారు. "చూడండి వదినా, పళ్ళెమంత సొట్ట" అన్నాడు మరిది. ఆ నెల కుర్రాడి జీతంలో సగం కోసేస్తానన్నాడు. ఆ అబ్బాయి గోడ పక్కన నిలబడి ఒక్క మాటా అనలేదు.

ఆ సాయంత్రమే ఆటోనగర్ నుంచి కార్ల సొట్టలు తీసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. ఆయన సొట్ట వైపు చూడనైనా చూడలేదు. ముందు నేల మీద కూర్చుని చక్రాలు చూశాడు. తరవాత జేబులోంచి పురికొస తీశాడు. ఆయన చేసిన పరీక్షలు మనమూ చెయ్యగలిగినవే. చెప్తాను వినండి.

మొదటిది కాగితం పరీక్ష. బండిని నున్నటి గచ్చు మీద నిలబెట్టి, ఒక్కొక్క చక్రం కిందా పోస్టుకార్డులాంటి కాగితం దూర్చి చూడాలి. మూడు చక్రాల కింద దూరక, నాలుగోదాని కింద దూరిందంటే ఆ చక్రం గాలిలో ఉందన్నమాట. అయితే వంకర బండిదా, గచ్చుదా? బండిని అదే చోట వెనక్కి ముందుకి తిప్పి పెట్టండి. మళ్ళీ అదే చక్రం లేస్తే బండిది. మళ్ళీ గచ్చులో అదే చోటున ఉన్న చక్రం లేస్తే తప్పు గచ్చుది. మన ఇళ్ళల్లో సగం తగవులు గచ్చువే అయి ఉంటాయి.

రెండోది పురికొస పరీక్ష. సొరుగులన్నీ తీసేసి, ముందు ఖాళీ చట్రంలో పైన ఎడమ మూల నుంచి కింద కుడి మూలకి పురికొస లాగి ముడి వెయ్యండి. అదే కొసని పైన కుడి మూల నుంచి కింద ఎడమ మూలకి పట్టండి. రెండు ఐమూలలూ సమానంగా వస్తే పెట్టె చక్కగా ఉంది. అరంగుళం తేడా వచ్చిందా, పెట్టె ఒకవైపు ఒరిగింది. మంచం కోళ్ళు బిగించేటప్పుడు మన పెద్దవాళ్ళు చూసే లెక్కే ఇది.

మూడోది సొరుగుల పరీక్ష. ఒక్కొక్కటీ ఖాళీగా లాగి, వేలితో తోసి చూడాలి. పట్టేసినట్టు ఉందా, కరకరమందా, మూశాక ఒక పక్క సందు ఎక్కువగా ఉందా? చూసినవి వెంటనే రాసుకోవాలి. ఏడు సొరుగులు చూసేసరికి ఏది పట్టేసిందో మరిచిపోతాం.

మరిది బండికి ఏం తేలిందంటే, పెట్టె చక్కగానే ఉంది. ముందు చక్రం ఒకటి ఊచ వంగింది. మూడో సొరుగు ఛానల్ నొక్కుకుపోయింది. కింది అంచున జానెడు పొడవున రంగు లేచి, తెల్లటి ఇనుము కనిపిస్తోంది. పళ్ళెమంత సొట్ట వల్ల మాత్రం ఏ సొరుగూ ఆగలేదు. చక్రానికి, ఛానల్ జతకి, రంగుకి, మేస్త్రీ కూలికి మొత్తం అయిన ఖర్చు ఆ కోస్తానన్న సగం జీతంలో నాలుగోవంతు లేదు. ఆ కుర్రాడికి ఆ నెల జీతం పూర్తిగానే ఇచ్చారు. నేను అడిగి మరీ తెలుసుకున్నాను.

ఇక మరమ్మతులు. చక్రం ఊచ వంగితే దాన్ని సాగగొట్టి నిలబెట్టాలని చూడకండి. ఒకసారి వంగి నిలబెట్టిన ఊచ బరువు పడితే అదే చోట మళ్ళీ వంగుతుంది. చక్రం పైన పలక ఉంటుంది, నాలుగు బోల్టులతో బిగిస్తారు. పాత చక్రం ఊడదీసి చేత్తో పట్టుకుని కొట్టుకి వెళ్ళాలి. బోల్టు బెజ్జాల మధ్య దూరం, నేల నుంచి పలక దాకా ఎత్తు, ఈ రెండూ సరిపోవాలి. ఎత్తు పావంగుళం తేడా వచ్చినా బండి ఊగుతుంది. మామూలుగా రెండు చక్రాలు తిన్నగా నడిచేవి, రెండు ఎటైనా తిరిగేవి ఉంటాయి. బ్రేకు తిరిగే వాటికే ఉంటుంది. తేడా చూసుకుని తెచ్చుకోండి.

సొరుగు ఛానల్ అంటే లోపల గుళ్ళు పేర్చిన పట్టాలు. నొక్కుకుపోతే పట్టకారుతో తిన్నగా చేద్దామని చాలామంది దిగుతారు. గుళ్ళు పొలోమని నేల మీద పడతాయి, ఇక అవి వెనక్కి చేరవు. జతగా మార్చడమే మేలు. ఒకవైపు పాతది ఒకవైపు కొత్తది పెడితే సొరుగు ఒరుసుకుంటూ నడుస్తుంది. మూసి ఉన్నప్పటి పొడవే దాని కొలత. 12 అంగుళాలు, 14, 16, 18 ఇలా రెండేసి అంగుళాల తేడాతో దొరుకుతాయి. ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది. బట్టల సొరుగుకి సరిపోయే పలచటివి పానాల సొరుగుకి ఆగవు. 35, 45 కిలోలు మోసేవి అడగండి. కొన్ని బండ్లకి ఆ కంపెనీ సొంత రకం పట్టాలుంటాయి. అవి బజార్లో దొరకవు, కొన్న కొట్టులోనే తెప్పించాలి.

పెట్టే ఒరిగితే? కొద్దిగా అయితే, పొడుగు వచ్చిన ఐమూల చివర్లకి గుడ్డ చుట్టి, తాడు కట్టి, తాడులో కర్ర దూర్చి మెలితిప్పుతూ దగ్గరికి లాగుతారు. మళ్ళీ పురికొసతో చూసుకుంటూ మెల్లగా చెయ్యాలి. అతుకు విడిపోయి ఉంటే మాత్రం మేస్త్రీ చేతికి ఇవ్వండి. గేట్లకి, గ్రిల్లులకి వేసే మామూలు వెల్డింగు ఇంత పలచని రేకుకి పడితే బొక్క పడుతుంది. అలాటిచోట రివెట్టు గాని చిన్న బోల్టు గాని వేసే మేస్త్రీ దొరికితే నయం.

ఇక గీత సంగతి. దీన్ని నేను సొట్టకన్న ఎందుకు ముందు పెడుతున్నానంటే, సొట్ట ఈవేళ ఎంత ఉందో పదేళ్ళకీ అంతే ఉంటుంది. గీత అలా ఊరుకోదు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి పక్కనున్న రంగుని లేపుతుంది. లేచిన సందులోకి మళ్ళీ చెమ్మ. అలా పైకి నిగనిగలాడే రంగు కిందనే పాకుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, కాకినాడ వైపున్నవాళ్ళకి నేను చెప్పాలా! ఉప్పుగాలికి వారం తిరక్కుండానే ఎర్రబారుతుంది. వానకారులో అయితే ఇంకా త్వరగా.

గీత మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తట్టుకోకపోతే అది పైపైది. వేరేదాని రంగు రాసుకున్న మరక అయితే కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది. నిగనిగలాడే రంగు మీద పైపై గీతలు కార్ల కొట్లో దొరికే రుద్దుడు మందుతో మాయమవుతాయి. గరుకు రంగు, మెరుపులేని రంగు అయితే రుద్దొద్దు. రుద్దిన చోట నూనె చేతులు పెట్టినట్టు మెరిసి, గీతకన్న వికారంగా తయారవుతుంది.

గోరు తట్టుకుందీ, లోపల ఇనుము కనిపించిందీ అంటే ఆ రోజే పని చెయ్యాలి. సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి. 220 నంబరు ఉప్పుకాగితంతో గీతకి రెండు పక్కలా రంగు అంచు వేలికి తట్టకుండా అరగదీసి, 400 నంబరుతో నునుపు చెయ్యండి. పొడి గుడ్డతో తుడిచి, థిన్నరు కొద్దిగా అద్దిన గుడ్డతో జిడ్డు తీసెయ్యండి. ఎక్కువ తడిపితే మంచి రంగు కూడా మెత్తబడుతుంది. ముందు కనపడని మూల ఒకచోట రాసి చూసుకోండి. ఆ తరవాత అక్కడ వేలు పెట్టకూడదు. చేతి చెమటలోని ఉప్పు చాలు, తుప్పుకి విత్తనం వేసినట్టే. వెంటనే, ఆ పూటే, ప్రైమరు పలచగా పుయ్యాలి. అది ఆరాక పై రంగు రెండు మూడు పలచటి పూతలు. ఒక్కటే చిక్కటి పూత వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, కన్నీటి చారల్లా జారుతుంది కూడా.

అప్పటికే తుప్పు పట్టిందా? అరగదియ్యగా పోయినంత పోగొట్టి, గుంటల్లో మిగిలినదానికి తుప్పుని నల్లబరిచే మందు రాయాలి. హార్డువేరు కొట్లలో రస్ట్ కన్వర్టర్ అంటే ఇస్తారు. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, కొన్నింటిలో కరక్కాయలో ఉండేలాంటి వగరు పదార్థం. మన కలంకారీలో ముందు బట్టని కరక్కాయ పాలలో ముంచి, ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో గీత గీస్తే నల్లగా తిరుగుతుంది చూడండి, అదే కలయిక ఇక్కడ తుప్పు మీద జరుగుతుంది. ఎర్రటి తుప్పు నల్లటి పొరగా మారి, మీద వేసే రంగుని పట్టుకుంటుంది. పెడన వెళ్ళి కలంకారీ చూసినవాళ్ళకి ఈ మందు కొత్తగా అనిపించదు. చేతికి తొడుగులు వేసుకుని మాత్రం రాయండి.

ఇనుముకి పూర్వం సీసపు సింధూరం పూసేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో అసలే పనికిరాదు. ఇప్పుడు ఎర్ర ఆక్సైడు ప్రైమరు ప్రతి కొట్లోనూ ఉంది. ఉప్పుగాలి ఊళ్ళలో రెండు డబ్బాలు కలిపి పూసే ఎపాక్సీ ప్రైమరు ఇంకా గట్టిది.

"గోళ్ళరంగు పూస్తే చాలదా?" అని మీలో ఎవరో అడగబోతున్నారు. రెండు రోజులు గాలి తగలకుండా ఉండడానికి సరే. కింద ప్రైమరు లేకుండా అది ఇనుముని పట్టుకోదు, పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పుడు సొట్టకి వద్దాం. తియ్యాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. బండిని గోడకి ఆనించి పెట్టే పక్కన ఉంటే వదిలెయ్యండి. సొరుగు ముఖానికి పడితే, అదే కొలత సొరుగు కింద ఉంటే ఆ రెంటినీ మార్చి పెట్టండి. అడుగున ఉన్నదాన్ని ఎవరూ వంగి చూడరు. ఇన్ని చెప్పినా తీసితీరాలంటే, రేకు గుణం ఒకటి తెలుసుకోవాలి. దాన్ని ఇనుముకి ఇనుము ఆనించి కొడితే సాగుతుంది. సాగినది మళ్ళీ కుదించడం మహా కష్టం. అప్పుడు సొట్ట పోయి, డబ్బా మూతలా టప్పుటప్పుమని లోపలికీ బయటికీ ఆడే రేకు మిగులుతుంది. ఇత్తడి బిందెల సొట్టలు తీసేవాళ్ళు వేడి చేసి మెత్తబరుస్తారు గదా, ఇదీ అలా చేద్దామంటారేమో. రంగు మాడిపోతుంది. ఫోనులో కనిపించే వేడినీళ్ళ చిట్కాలు కార్ల ప్లాస్టిక్ భాగాలకి గాని ఇనుప రేకుకి పనిచెయ్యవు.

చెయ్యవలసిన పద్ధతి ఇది. సొరుగులు తీసేస్తే లోపలివైపు చెయ్యి పోతుంది. మడత పడని లోతుతక్కువ సొట్ట అయితే ముందు అరచేత్తో నెట్టి చూడండి. సగం సొట్టలు దానికే టక్కుమని వచ్చేస్తాయి. రాకపోతే, చిన్న గుడ్డసంచిలో ఇసుక బిగించి కుట్టి, ఒకరు బయటివైపు ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు లోపల నుంచి కొయ్యసుత్తితో కొట్టాలి. కొట్టడం అంటే కొట్టడం కాదు, పసివాణ్ణి జోకొట్టినట్టు. నడిమధ్యన మొదలుపెట్టొద్దు. సొట్ట అంచు నుంచి గుండ్రంగా ముగ్గు చుట్ట తిప్పినట్టు తిరుగుతూ మధ్యకి రావాలి. పడ్డప్పుడు మధ్య మొదట దిగి, అంచులు తరవాత లాక్కుపోయాయి. తీసేటప్పుడు చివర పోయిన అంచుల్ని ముందు వదిలించాలి. నూటికి తొంభై వంతులు వచ్చాక ఆపండి. ఆ మిగిలిన పది వంతుల కోసం కొట్టిన దెబ్బలే రేకుని సాగదీసేవి. సొట్ట మధ్యలో కత్తిగీతలా మడత పడితే మాత్రం అది మేస్త్రీ పని. మధ్యలో బొక్క పొడిచి మరమేకు బిగించి లాగుతామంటే ఒప్పుకోకండి, సొట్ట పోయి తుప్పుకి ద్వారం తెరుచుకుంటుంది.

సొట్ట తీశాక రంగు మీద వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చాయేమో వెలుతురులో ఏటవాలుగా చూడండి. వస్తే అవీ గీతల కిందే లెక్క.

మిగిలిన పల్లానికి లప్పం పెట్టొచ్చు. గోడలకి పెట్టేది కాదు, కార్లకి పెట్టేది. దానికి తోడు వేరే గొట్టంలో గట్టిపరిచే మందు ఉంటుంది. నిమ్మకాయంత లప్పానికి రెండు మూడు శనగగింజలంత చాలు. కలిపాక పది పదిహేను నిమిషాల్లో రాయవుతుంది, మన ఎండాకాలంలో ఇంకా ముందే. అందుచేత ఎంత కావాలో అంతే కలపండి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అరగదీశాక పైన తప్పకుండా ప్రైమరు వెయ్యాలి, లేకపోతే చెమ్మ పీల్చుకుంటుంది. లప్పం మచ్చని మాత్రం పూడుస్తుంది, బలం ఇవ్వదు. చక్రం బిగించే చోట, మూలల్లో లప్పం పెట్టి సరిపుచ్చే మేస్త్రీని మార్చెయ్యండి.

చిమ్మే డబ్బా రంగు వాడేవాళ్ళు రెండు మాటలు వినండి. ఆ ఆవిరి మండుతుంది. గ్యాసుపొయ్యి, దేవుడి దీపం ఉన్న గదిలో వద్దు. ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని చెయ్యండి. వాన ముసురులో రంగు వేస్తే పొగమంచు పట్టినట్టు తెల్లబారుతుంది, ఎండ ఉన్న ఉదయం మంచిది. ఒక మచ్చ వరకే చిమ్మితే అతుకు వేసినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ సొరుగు ముఖం మొత్తం ఒకే రంగు చెయ్యండి. అరగదీసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్ళు తడుపుతూ అరగదీసే కాగితం దొరుకుతుంది, పొడి లేవదు. అయితే ఇనుము తేలిన చోట తడి చేస్తే వెంటనే ఆరబెట్టాలి.

బండి మళ్ళీ పడకుండా చూసుకోవడం కూడా మరమ్మతులో భాగమే. బరువు సామాను అడుగు సొరుగుల్లో, తేలికవి పైన. రెండు మూడు నిండు సొరుగులు ఒకేసారి తెరిస్తే, నిలబడి ఉన్న బండి కూడా ముందుకి తూలుతుంది. ఒకటి తెరిస్తే రెండోది తెరుచుకోని ఏర్పాటు ఉన్న బండ్లు వస్తున్నాయి, కొనేటప్పుడే అడగండి. కదిపేటప్పుడు తాళం వెయ్యాలి, లాగకూడదు, తొయ్యాలి. చిన్న చక్రం గడపకి తగిలిందంటే బండి అక్కడే బోర్లాపడుతుంది.

పూసిన రంగు తాకితే ఆరినట్టే ఉంటుంది గాని, లోపల గట్టిపడడానికి వారం పడుతుంది. ఆ వారం ఆ చోట పానాలు పెట్టనివ్వకండి, గుడ్డతో రుద్దకండి. మిగిలిన రంగుని ఖాళీ అయిన గోళ్ళరంగు సీసాని థిన్నరుతో కడిగి అందులో పోసుకోండి. మూతకి కుంచె కూడా ఉంటుంది కదా, గీత పడినప్పుడల్లా అదే పనికొస్తుంది. రంగు నంబరు రాసిన చీటీ ఒకటి సీసాకి, ఇంకొకటి పై సొరుగు లోపలి గోడకి అతికించి పెట్టండి.